ముందు కొలత, తర్వాత ధర

ఇల్లు కట్టుకునేవాళ్ళు స్లాబు దగ్గరికి వచ్చేసరికి అడిగే మొదటి మాట, "చదరపు అడుగుకి ఎంతవుతుంది మేస్త్రీ?" అనే. ఆయనా ఠక్కున ఒక అంకె చెప్పేస్తాడు. అందులో సెంటరింగ్ కలిసిందా, ఇనుము ఎవరు తేవాలి, మందం ఎంత అన్నది ఇద్దరూ మాట్లాడుకోరు. తర్వాత వచ్చే మనస్పర్థలన్నీ అక్కడివే.

ధరలు రోజుకో తీరుగా ఉంటాయి. కొలత మాత్రం మారదు. అందుకే ముందు కొలత రాసుకోవాలంటాను. వెయ్యి చదరపు అడుగుల స్లాబు ఐదంగుళాల మందాన వేస్తే, బీములు కాక, సుమారు 417 ఘనపు అడుగుల కాంక్రీటు పడుతుంది. సిమెంటు ఒక పాలు, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు పాళ్ళ చొప్పున కలిపితే 95 బస్తాల సిమెంటు, 175 ఘనపు అడుగుల ఇసుక, 350 ఘనపు అడుగుల కంకర కావాలి. సిమెంటునూ ఘనపు అడుగుల్లోకి మార్చి కూడితే 640 దాటుతుంది కదా అనిపిస్తుంది. కంకర సందుల్లోకి ఇసుక, ఇసుక సందుల్లోకి సిమెంటు చేరి 417కి దిగుతుంది. ఇది తెలియక లెక్క వేసినవాళ్ళకు పని మధ్యలో సరుకు చాలదు.

"గట్టిగా ఉంటుందిలే, ఇంకో అంగుళం వేద్దాం" అనే మాట తరచూ వింటాం. ఆ అంగుళానికి మరో 19 బస్తాల సిమెంటు, బీముల మీద దాదాపు ఆరు టన్నుల అదనపు బరువు. మందం ఎంతుండాలో చెప్పాల్సింది ఇంజనీరు.

ఇనుముకూ తేలికైన లెక్క ఉంది. ఊచ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చవేసి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 8 మి.మీ. ఊచ 12 మీటర్లకు 4.74 కిలోలు. కాటా మీద బాగా తక్కువ తూగితే కొట్టువాణ్ణి అడగండి.

సెంటరింగ్ అద్దె, కాంక్రీటు కలిపే మిల్లర్, కూలీ, బైండింగ్ వైరు, కవర్ బ్లాకులు కూడా కాగితం మీదికి రావాలి. నీళ్ళు కొట్టే ఖర్చు మరీ ముఖ్యం. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, పీపీసీకి (పోర్ట్‌లాండ్ పొజొలానా సిమెంటు) పది రోజులు తడి ఆరకూడదని కాంక్రీటు పనులకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. డబ్బు అయిపోయిందని అక్కడ పొదుపు చేస్తే స్లాబు బలమే తగ్గుతుంది.

జన్మకో ఇల్లు కట్టుకునే కుటుంబాలు మనవి. అడ్వాన్సు చేతిలో పెట్టేముందు కొలతల కాగితం అడిగి తీసుకోండి. మీకూ, నిజాయతీగా పనిచేసే మేస్త్రికీ అదే రక్ష.