కింద కొట్టు... పైన కాపురం

రాజమండ్రి కోటగుమ్మం నుంచి మెయిన్ రోడ్డులోకి వెళ్తున్నారా? షోకేసుల్లోని చీరల్ని కాసేపు పక్కనపెట్టి, తలెత్తి పైకి చూడండి. పెద్ద పెద్ద బోర్డుల వెనక నుంచి చెక్క కమ్ముల వసారా, సున్నంతో తీర్చిన పూల నగిషీ, రంగు వెలిసిన కిటికీ రెక్కలు అక్కడక్కడా ఇంకా తొంగిచూస్తాయి. కింద కొట్టు, పైన కాపురం... గోడకు గోడ ఆనుకున్న పాత మేడల వరస అది!

1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో పంట పెరిగింది, దాంతో పాటే వ్యాపారమూ పెరిగింది. కాలవల్లో పడవలకు తోడు 1900లో హేవలాక్ వంతెన మీదుగా రైళ్లూ నడిచాయి. బజారు వీధిలో జాగా బంగారమైంది. అందుకే ఈ ఇళ్లు వీధివైపు సన్నగా, లోపలికి పొడుగ్గా ఉంటాయి.

అటూ ఇటూ పొరుగువారి గోడలే అయితే మరి వెలుతురెలా? కోనసీమ మండువా లోగిలి కిటుకే ఇక్కడా పనిచేసింది. ఇంటి నడుమ పైకప్పు లేకుండా కొంత చోటు వదిలేస్తారు. వెలుతురు అందులోంచి దిగుతుంది, వేడిగాలి అందులోంచే పైకి పోతుంది. అరుగు మీద బేరం, ముందు గదిలో కొట్టు, అటక మీద సరుకు, వెనక వంటిల్లు. రాత్రి కొట్టు కట్టేయడానికి వరస నెంబర్లు వేసిన చెక్క పలకలు. కప్పుకు టేకు దూలాలు, వాటిపైన ఇటుకలు, గానుగ సున్నం. ఆ సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపేవారు.

ఇలాంటి మేడలు మనకే పరిమితం కాదు. కాకినాడ రేవులో ఓడెక్కి రంగం వెళ్లిన మనవాళ్లు అక్కడా ఇలాంటి వీధుల్లోనే తిరిగారు. సింగపూర్‌లోనైతే కొట్ల ముందు జనం నడిచేందుకు వసారా వదలాలని 1822లోనే రాఫిల్స్ నియమం పెట్టాడు. మలేసియాలోని జార్జిటౌన్‌కు 2008లో యునెస్కో వారసత్వ గుర్తింపు దక్కింది. అది ఏ ఒక్క మేడకో వచ్చింది కాదు, వీధులకు వీధులకే వచ్చింది.

మనం గమనించాల్సింది అదే. ఈ వరసకు ప్రాణం ఉమ్మడి గోడ. ఒకే గోడ మీద ఇటువైపు వారి దూలాలూ, అటువైపు వారి దూలాలూ ఆనతాయి. అన్నదమ్ముల పంపకాల్లోనో, అపార్టుమెంటు కోసమో ఒక మేడ పడగొడితే పక్కదానికి ఆసరా పోతుంది. ఇన్నేళ్లూ వాన చుక్క ఎరగని గోడ ఒక్కసారిగా వానకు తడుస్తుంది. చెమ్మ ఆపుదామని సున్నపు గోడకు సిమెంటు పూస్తే, ఆ చెమ్మ బయటికి పోలేక లోపలే ఉండి గోడను తినేస్తుంది. సున్నానికి సున్నమే మందు.

మీ ఊరి బజారులోనూ ఇలాంటి మేడ ఉందా? పలుగు వేసే ముందు గోడ అవతలివారితో ఒక్కసారి కూర్చుని మాట్లాడండి. వారి దూలాలు ఆ గోడ మీదే ఉన్నాయి!