సిపాయి నవ్వు

బెల్జియం దేశంలో ఈప్ర్ అనే పట్టణం ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధంలో అది ఫిరంగి దెబ్బలకు శిథిలమైంది. ఆంగ్ల సిపాయిలకు ఆ పేరు నోరు తిరగక ‘వైపర్స్’ అన్నారు. ఆ శిథిలాలలో కెప్టెన్ ఫ్రెడ్ రాబర్ట్స్ బృందానికొక ముద్రణ యంత్రం దొరికింది. అచ్చుపని ఎరిగిన సార్జెంటు ఒకరు దానిని బాగుచేశారు. 1916 ఫిబ్రవరిలో ‘ది వైపర్స్ టైమ్స్’ వెలువడింది. కందకాల బురదను, అధికారుల ఆడంబరాన్ని, ఇంటిపట్టున కూర్చొని యుద్ధాన్ని వర్ణించే రచయితలను అది వెక్కిరించింది. హిలేర్ బెలాక్ అనే రచయిత పేరును ‘బెలారి హెలాక్’ అని తారుమారు చేసింది. 1953 వరకు బళ్ళారి జిల్లాలో ఉన్న ఆదోని వాళ్ళం కనుక ఆ పేరు చదివినప్పుడు నాకు నవ్వాగలేదు. యుద్ధం ముగిసిన 1918లో ఆ పత్రిక ‘బెటర్ టైమ్స్’గా మారి, రెండు సంచికలతో నిలిచిపోయింది.

మన సిపాయిలకు ఆనాడు అంతటి స్వేచ్ఛ ఎక్కడిది? ఫ్రాన్సు నుండి వారు వ్రాసిన ఉత్తరాలను సెన్సారువారు విప్పి చదివేవారు. అందుచేత కొందరు మిరియాలను గూర్చి వ్రాశారు. నల్ల మిరియాలంటే భారతీయులు, ఎర్రవంటే తెల్లవారు. నల్లవి అయిపోవస్తున్నాయంటే ఇంటివారికి విషయం బోధపడేది. సెన్సారువారికీ బోధపడింది!

మనకు 1909లో అలహాబాదులో ఉర్దూ భాషలో మొదలైన ‘ఫౌజీ అఖ్బార్’ ఉండేది. 1954లో అది ‘సైనిక్ సమాచార్’ అయింది. తెలుగుతో కలిపి పదమూడు భాషలలో వెలువడింది. ఎమ్మిగనూరు మగ్గాల నడుమ పెరిగి సైన్యంలో చేరిన మా చిన్నాయన ట్రంకుపెట్టెలో ఆ సంచికలు ఉండేవి. అయితే ఆయన హాస్యం ప్రభుత్వ పత్రికలో ఇమిడేది కాదు. ఊరి పేరు పలకలేని హవల్దారు ఆయనను ‘గన్‌నూర్’ అని పిలిచాడట. “చేతికి తుపాకి ఇయ్యకముందే పేరులో పెట్టిరి అబ్బీ” అనేవాడు. వంటశాలలోని మలయాళీ మిత్రుని చపాతీలతో బంకరుకు కప్పు వేయవచ్చుననేవాడు. ఆ కథకు మేము ప్రతి సెలవులోనూ పొట్ట పట్టుకొని నవ్వేవాళ్ళం.

1971 యుద్ధం ముగిసిన తరువాత ఆయన సెలవుపై వచ్చాడు. హవల్దారు కథ చెప్పాడు, రైలు కథ చెప్పాడు. చపాతీల కథ మేమే అడిగాము.

“వాడు చపాతీలు బాగా చేస్తుండె” అని, మగ్గం గుంటలోకి దిగి నాడె అందుకొన్నాడు.