ముద్దు వెంట వచ్చిన చేప

పోర్చుగీసు నేర్చుకుంటామని ఎవరైనా అంటే నేను వాళ్ళకు మొదట వినిపించేది 1958లో బ్రెజిల్ గాయకుడు జువావ్ జిల్బెర్తో పాడిన ‘షేగ జి సవుదాజి’. బాణీ టామ్ జోబిందీ, మాట వినీసియుస్ జి మొరాయిస్‌దీ. జిల్బెర్తో గొంతెత్తి పాడడు, పక్కన కూర్చుని చెవిలో చెప్పినట్టు పాడతాడు. మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కొత్త చెవికి కూడా తెలుస్తుంది.

ఆ పాటలో విరహి తన విచారాన్నే దూతగా పంపుతాడు. నలుడి హంసను ఎరిగిన మనకు ఈ రాయబారం కొత్త కాదు. దూతను పంపాలంటే వెళ్ళమనాలి, చెప్పమనాలి. అందుకే వయి, జిస్ అనే రెండు క్రియలు మొదట్లోనే నోటికొస్తాయి. కాస్త ముందుకెళితే ముద్దులూ చేపపిల్లలూ ప్రాసలో కలుస్తాయి. ముద్దు బెయిజు, చిట్టిముద్దు బెయిజిన్యు. చేప పెయిషి, చిట్టిచేప పెయిషిన్యు. చేపను ఏమంటారో తెలుసుకుందామని ప్రేమపాట వినేవాళ్ళెవరూ ఉండరు. అయినా ముద్దు వెంట వచ్చిన ఆ చేపను ఇక మరిచిపోవడం కష్టం. చివర ‘ఇన్యు’ చేరితే మాటకు ముద్దొస్తుందని కూడా ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. బ్రెజిల్‌లో ఇంటికొచ్చినవాళ్ళకు ఇచ్చే కాఫీ కూడా కాఫెజిన్యే.

ప్రాసను నమ్ముకోమని అందుకే అంటాను. గుండె కొరసాంవ్, పాట కంసాంవ్, ఒంటరితనం సొలిదాంవ్. ప్రేమకవికి ఇంతకంటే ఏం కావాలి! ముక్కుతో పలికే ఆ ‘ఆంవ్’ పట్టుబడితే చెయ్యి మాంవ్, రొట్టె పాంవ్ వాటంతటవే వస్తాయి. పావ్‌భాజీలో పావ్ ఆ పాంవే.

అల్మారా, బాల్చీ, మేస్త్రీ, అనాస. ఓడలెక్కి మన దాకా వచ్చిన పోర్చుగీసు మాటలు ఎక్కువగా ఇలా సామానుకీ పనికీ తిండికీ సంబంధించినవే. అవి వర్తకం తెచ్చిన మాటలు. కన్నీళ్ళ మాట, తెల్లవారుజాము మాట, తిరిగి రమ్మనే మాట సరుకుతో పాటు దిగవు. వాటిని పాటే తేవాలి. ప్రేమపాటల మీద నాకున్న మమకారమంతా ఇక్కడే ఉంది.

పోర్చుగల్ రాజధాని లిస్బన్ దారి వేరు. అక్కడివాళ్ళు మాట్లాడేటప్పుడు అచ్చులు సగం మింగేస్తారు. ‘నిన్ను ప్రేమిస్తున్నాను’ అనడానికి రియోలో ‘చి ఆము’ అంటారు, అచ్చం మన వరసలో. లిస్బన్‌లో ‘ప్రేమిస్తున్నాను’ ముందొచ్చి, ‘నిన్ను’ వెనకబడి ‘ఆము త్’ అవుతుంది. అందుకని బ్రెజిల్ పాటలతో చెవి కుదిరాకే అమాలియా రోద్రిగెష్ పాడిన ఫాదోల, అంటే పోర్చుగల్ విషాదగీతాల, దగ్గరికి వెళ్ళమంటాను. ఆవిడ 16వ శతాబ్దపు మహాకవి కమోయిష్ కవితలను కూడా 1965లో పాడింది. అంతదాకా వచ్చినవాళ్ళు ముందు కవితను కాగితం మీద చదువుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఆ తర్వాతే పాట వినాలి.