గోదారి మీద పుట్టినరోజు

గోదారికీ మన సినిమాలకీ ఉన్న చుట్టరికం ఇవాళ్టిది కాదు. 'మూగమనసులు' (1964)లో అక్కినేని పడవవాడు. 'సాక్షి' (1967)లో కృష్ణ బల్లకట్టు నడిపేవాడు. ఇక 'అందాల రాముడు' (1973)లో బాపు రమణలు రకరకాల మనుషుల్ని ఓ లాంచీ ఎక్కించి, రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా కథంతా నీళ్ళ మీదే నడిపించేశారు. 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' అంటూ మళ్ళీ అదే దారి పట్టాడు. ఇన్ని చూసిన జనానికి పాపికొండలు అనగానే కొండలు కనపడవు. పాట కనపడుతుంది!

మా మేనకోడలి సంగతీ అంతే. ఎనిమిదో పుట్టినరోజు లాంచీలోనే చేసుకుంటానని భీష్మించుకు కూచుంది. టీవీలో 'గోదావరి' చూసిన ఫలితం. "అందులో కుక్కుంది కదా మావయ్యా, మన లాంచీలో కూడా ఉంటుందా?" అని మొదటి ప్రశ్న. కేకు గురించి కూడా తర్వాతే అడిగింది.

అసలు చిక్కు మా అమ్మతో వచ్చింది. అమ్మ పుట్టింది దేవీపట్నంలో. చిన్నప్పుడు రాజమండ్రి రావాలన్నా పోవాలన్నా లాంచీయే. అలాంటి మనిషి 2019 తర్వాత పడవ మాటెత్తితే చాలు, లోపలికి వెళ్ళిపోయేది. ఆ సంవత్సరం సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిపోవడం, వరద గోదారి యాభైమంది దాకా పొట్టన పెట్టుకోవడం తెలుగువాళ్ళెవరూ మరిచిపోలేదు. నెల దాటాక గాని ధర్మాడి సత్యం బృందం ఆ బోటుని పైకి తీయలేకపోయింది. "దాన్ని గోదారి మీదికి తీసికెళ్తే నేను అన్నం ముట్టను" అంది అమ్మ.

రెండ్రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడోరోజు ఆవిడే వచ్చి, "జనవరిలో నీళ్ళు తేటగానే ఉంటాయిలే. నేనూ వస్తాను. ఉన్నన్నాళ్ళే గదా చూడ్డం" అంది. ఆ చివరిమాట పాపికొండల గురించో తన గురించో మేము అడగలేదు.

'అందాల రాముడు' రోజుల్లోలా రాజమండ్రి రేవులో ఎక్కే యోగం ఇప్పుడు లేదు. ఆ తర్వాతి కాలంలో పట్టిసీమ దగ్గరా, పురుషోత్తపట్నం దగ్గరా ఎక్కించేవారు. పోలవరం ఆనకట్ట పని నదికి అడ్డంగా లేచాక, 2021 జూన్‌లో ప్రవాహాన్ని స్పిల్‌వే మీదుగా మళ్ళించాక, ఆ దారీ మూసుకుపోయింది. రాజమండ్రి నుంచి తెల్లారకుండానే బస్సులో బయల్దేరి, ఆనకట్టకి ఎగువన గండిపోచమ్మ గుడి రేవులో లాంచీ ఎక్కాం. అమ్మవారికి దణ్ణం పెట్టకుండా సరంగు చుక్కాని ముట్టుకోడు. మనం ముట్టుకోమన్నా!

ఎక్కేముందు ప్రతివాళ్ళ పేరూ, ఫోన్ నంబరూ రాసుకున్నారు. లైఫ్ జాకెట్ తొడుక్కుంటే గాని తాడు విప్పలేదు. సినిమాల్లో హీరోయిన్ లాంచీ కొసన నిలబడి పమిట ఎగరేస్తుంది చూశారూ, అది కెమెరా వెనక పదిమంది ఉండగా చేసే పని. మా పిల్ల కూడా కొత్త పట్టుపరికిణీ మీద ఆ నారింజరంగు జాకెట్ వేసుకోనని మొరాయించింది. అమ్మ మాట్లాడకుండా తన జాకెట్ బిగించుకుని, పిల్లదానికి కూడా రెండు ముళ్ళేసింది. బక్కిల్ ఉందండీ అని లాంచీ కుర్రాడు చెప్పినా వినలేదు. ముడి మీదే ఆవిడకి నమ్మకం.

ఉప్మా, టీ అయ్యేసరికి దేవీపట్నం వచ్చింది.

వచ్చిందంటే.... ఊరు రాలేదు. ఊరున్న చోటు వచ్చింది. ఆనకట్ట పని మొదలయ్యాక కాఫర్ డ్యామ్ వెనక నీళ్ళు ఎగదన్ని వరదల్లో ఇక్కడి ఊళ్ళు మునిగాయి. జనాన్ని పునరావాస కాలనీలకి తరలించారు. ప్రాజెక్టు పూర్తిగా నిండితే నీటిమట్టం 150 అడుగులట. కాలవలు పారతాయి, కరెంటు వస్తుంది, మెట్టపొలాలు తడుస్తాయి. అవన్నీ నిజమే, కావలసినవే. అయినా కప్పుల్లేని గోడలు చూస్తూ ఆ లెక్కలు గుర్తు తెచ్చుకోవడం కష్టం.

అమ్మ కమ్మీ పట్టుకుని నిలబడింది. "అదిగో, ఆ కొండకి సూటిగా మా వీధి. ఇటు రేవు. నా పెళ్ళిసారె ఇక్కడే లాంచీ ఎక్కించారు. కావిడిబద్ద విరిగి అరిసెల బిందె నీళ్ళల్లో పడింది" అంటూ నవ్వింది. పిల్లది కమ్మీలోంచి తొంగి చూసి, "ఇంకా అక్కడే ఉన్నాయా అమ్మమ్మా?" అంది. "ఉంటాయ్, గోదారి అరిసెలు తిండవా?" అంది అమ్మ.

అక్కణ్ణించి కచ్చులూరు మందం దాకా లాంచీలో మైకు కట్టేశారు. ఎవరూ చెప్పకుండానే మాటలాగిపోయాయి. అమ్మ పిల్లదాని జాకెట్ ముడి వేళ్ళతో పట్టుకునే ఉంది. "ఇప్పుడేం భయం లేదమ్మగోరూ, వరద టయాంలో మేం కదలం" అన్నాడు సరంగు. ఆవిడ తల ఊపింది గాని ముడి వదల్లేదు.

ఆ తర్వాత కొండలు. రాజమండ్రి దగ్గర దాదాపు మూడు కిలోమీటర్ల వెడల్పున పరుచుకునే నది ఇక్కడ ఒదిగి ఒదిగి, రెండు కొండల మధ్య పాపిట తీసినట్టు పోతుంది. పాపిటికొండలన్న పేరే పాపికొండలయిందంటారు. ఒక మలుపు తిరిగితే దారి మూసుకుపోయినట్టుంటుంది, దగ్గరికెళ్తే తలుపు తీసినట్టు తెరుచుకుంటుంది. ఎన్ని సినిమాల్లో చూసినా ఇది వెండితెర మీద పట్టదు. ఆ చల్లదనం, తడి వెదురువాసన ఏ కెమెరాకి అందుతాయి చెప్పండి?

కేకు కోసే ముహూర్తం అక్కడ పెట్టాం. కొవ్వొత్తులు తీయగానే సరంగు పరుగున వచ్చాడు. "ఇంజినుంది, నూనుంది. అగ్గిపుల్ల మాత్రం గీయకండి బాబూ!" పిల్లదాని మొహం చిన్నబోయింది. అమ్మ మొహం మాత్రం వెలిగిపోయింది. పుట్టినరోజున దీపం ఆర్పడమేమిటని ఏటా గొడవ చేసేది ఆవిడే మరి! కేకు కోశాక సంచీలోంచి ఆత్రేయపురం పూతరేకుల డబ్బా తీసి ముందు సరంగుకీ, లాంచీ కుర్రాళ్ళకీ, ఆ తర్వాత మిగతా ప్రయాణీకులకీ పంచింది. వైజాగ్ నుంచి వచ్చిన ఓ కుటుంబం చప్పట్లు కొట్టింది. కుక్క లేని లోటు అప్పటికి తీరింది.

పేరంటాలపల్లిలో గంటసేపు ఆగాం. శివాలయం, పక్కన సెలయేరు, బాలానందస్వామి ఆశ్రమం. కొండరెడ్ల ఆడవాళ్ళు వెదురుని సన్నగా చీల్చి పువ్వులు చేసి అమ్ముతున్నారు. వెళ్ళేవాళ్ళకి ఒక మాట. అక్కడ బేరాలాడకండి. ఆ పువ్వు చెయ్యడానికి పట్టే ఓపిక మన దగ్గర లేదు. మా పిల్ల రెండు కొనుక్కుంది.

తిరుగుప్రయాణంలో పొద్దు వాలింది. దేవీపట్నం రాగానే పిల్లది ఒక వెదురుపువ్వుని కమ్మీ మీదుగా నీళ్ళలోకి విసిరి, "అరిసెల బిందెకి" అంది. అమ్మ ఏమీ అనలేదు. కొంగుతో పిల్లదాని తల మీద చలిగాలి కప్పింది.

రేవు చేరేసరికి అది ఒళ్ళో నిద్రపోయింది. జాకెట్లు తీసుకోడానికి లాంచీ కుర్రాడు వచ్చాడు. "ఒడ్డెక్కాక ఇస్తాం నాయనా" అంది అమ్మ.