ఆపిల్ ఆకు

మా ఇంట్లో బీరువా పై అరలో ఒక ప్లాస్టిక్ ఫైలు ఉంటుంది. పదో తరగతి మార్కుల లిస్టు, ఇంజనీరింగ్ ప్రొవిజనల్, ఆదాయ ధ్రువపత్రం, వాటి మధ్యలో బంగారు రంగు అంచున్న దళసరి కాగితం ఒకటి. 2010లో ఒక కాలేజీ సదస్సులో నేను క్లౌడ్ కంప్యూటింగ్ మీద పేపర్ ప్రెజెంట్ చేశానని, రెండో బహుమతి వచ్చిందని అందులో ఉంటుంది. అప్పటికి క్లౌడ్ అంటే నాకు జీమెయిలే. ముగ్గురం ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, మూడు పేపర్ల నుంచి పేరాలు ఎత్తి, ఫాంటు ఒకటే ఉండేలా జాగ్రత్తపడ్డాం. మా శ్రమంతా ఆ ఫాంటు దగ్గరే. అమ్మ ఆ కాగితాన్ని లామినేషన్ చేయించింది.

మొన్న ఫిబ్రవరి చివర్లో అలాంటి సదస్సుకే వెళ్ళాను, ఈసారి బల్లకి అవతలివైపు. రాజమండ్రి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ. పేరు అనవసరం, ఎందుకంటే ఇందులో తప్పు నాది. ఎమర్జింగ్ టెక్నాలజీస్, ప్రొఫెషనల్ డెవలప్‌మెంట్ అని రెండు రోజుల కార్యక్రమం. పొద్దున నా ఉపన్యాసం, మధ్యాహ్నం విద్యార్థుల పేపర్లకి మార్కులు వేసే పని. గౌతమి ఎక్కి తెల్లవారుజామున దిగాను. బ్యానర్ మీద రాజమహేంద్రవరం, ఆటో అతని నోట రాజమండ్రి.

దీపం, ప్రార్థనా గీతం, శాలువా, పూతరేకుల పెట్టె. ఇవి అందరికీ తెలిసినవే. ఈ సదస్సులు ఎందుకు జరుగుతాయో కూడా తెలిసిందే. న్యాక్ వాళ్ళు వచ్చినప్పుడు ఎన్ని జరిపారో కాలేజీ చూపించాలి. లెక్చరర్లకి ప్రొసీడింగ్స్‌లో పేపరు పడాలి. పిల్లలకి రెజ్యూమెలో ఒక లైను కావాలి. నాకు లింక్డిన్‌లో శాలువాతో ఫొటో కావాలి. వెటకారం కాదు. సెకండియర్ కుర్రాడు మొదటిసారి మైకు పట్టుకుని చేతులు వణుకుతున్నా చివరిదాకా మాట్లాడడం ఇలాంటిచోటే జరుగుతుంది. దాని విలువ దానికుంది. నా ఉపన్యాసంలో మాత్రం ఆపాటి విలువ కూడా లేదు. కంఫర్ట్ జోన్ దాటండి, నిరంతరం నేర్చుకోండి అని నలభై నిమిషాలు చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నం భోజనాల తర్వాత ఒక ఏసీ గదిలో పదకొండు పేపర్లు. మార్కుల షీటులో అయిదు కాలమ్‌లు, ఒక్కోదానికి పది. నవ్యత, పద్ధతి, ఫలితాలు, ప్రెజెంటేషన్, జవాబులు.

నాలుగో పేపరు డీప్ లెర్నింగ్‌తో ఆకు తెగుళ్ళు గుర్తించడం. ఇద్దరు అబ్బాయిలు, ఇస్త్రీ నలగని బ్లేజర్లు, ధారాళమైన ఇంగ్లీషు. ఫొటో ఇస్తే ఏ తెగులో చెప్పేస్తుంది, ఆక్యురసీ తొంభై ఎనిమిది పైనే. మూడో స్లైడులో ఉన్నది ఆపిల్ ఆకు.

నేను దాన్ని గుర్తుపట్టాను. ప్లాంట్‌విలేజ్ అనే ప్రసిద్ధ డేటాసెట్‌లోది. యాభై నాలుగు వేల చిల్లర ఫొటోలు, 14 పంటలు. ఆపిల్, ద్రాక్ష, టమాటా, బంగాళాదుంప, స్ట్రాబెర్రీ ఉన్నాయి. వరి లేదు, కొబ్బరి లేదు. కిటికీ తెర తీస్తే కనబడే ఏ పంటా దాదాపు అందులో లేదు. ఆకుని కోసి, ఒకే రంగు కాగితం మీద పెట్టి తీసిన ఫొటోలు కాబట్టి వాటి మీద 98 రావడం పెద్ద విశేషమేమీ కాదు. 2016లో ఆ ఫొటోల మీదే వచ్చిన పేరున్న పేపర్లో 99.35 శాతం వచ్చింది. అదే మోడల్‌కి వేరేచోట తీసిన ఫొటోలిస్తే ముప్ఫై ఒకటి దగ్గరికి పడిపోయిందని రాసింది కూడా వాళ్ళే. ఇదంతా నాకు తెలుసు. ఉద్యోగంలో భాగంగా చదివినదే.

"మన వరి ఆకు పెట్టి చూశారా?" అని ఒక్క ప్రశ్న అడిగితే సరిపోయేది. అడగలేదు. పక్కన కూర్చున్న ప్రొఫెసర్ గారు తల ఊపుతున్నారు, అబ్బాయిలు నవ్వుతున్నారు, ఇంకా ఏడు పేపర్లున్నాయి. 50కి 45 వేశాను.

తొమ్మిదోది ఇద్దరు అమ్మాయిలది. మాట్లాడింది ఒక్కతే. ఇంగ్లీషులో మొదలుపెట్టి, రెండో స్లైడు దగ్గర ఆగి, "తెలుగులో చెప్పొచ్చాండీ?" అని అడిగింది. ఊళ్ళో పంట కాలవ చివర కల్వర్టు కింద అల్ట్రాసోనిక్ సెన్సర్ బిగించారు. అది శబ్దం పంపుతుంది. శబ్దం నీటికి తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి నీళ్ళు ఎంత ఎత్తులో ఉన్నాయో లెక్క కడుతుంది. దాళ్వాలో వంతులవారీగా నీళ్ళు వదులుతారు కదా, ఆ నీళ్ళు శివారు దాకా ఎప్పుడొచ్చాయో తెలుసుకోవడం ఉద్దేశం. తర్వాతి స్లైడులో గ్రాఫు. అంతా గందరగోళం. నీళ్ళు లేని రోజున కూడా కాలవ నిండుగా ఉన్నట్టు చూపిస్తోంది.

"ఇది తప్పు కదమ్మా?"

"తప్పేనండి. గుర్రపుడెక్క వచ్చి కల్వర్టు దగ్గర పట్టేస్తుందండి. సెన్సరు దాన్నే నీళ్ళనుకుంటుందండి."

"మరి రైతులకి తప్పు మెసేజ్ వెళ్తే?"

"రైతులకి ఇంకా పంపట్లేదండి. లస్కరు గారికి ఒక్కరికే వెళ్తుందండి. ఆయన వెళ్ళి చూసి, తప్పయితే ఏంటో తిరిగి మెసేజ్ పెడతారండి. అవన్నీ రాసుకుంటున్నామండి."

పని ఇంకా పూర్తి కాలేదన్నమాట అని ముక్తాయించాను. ఫలితాలకి 3, ప్రెజెంటేషన్‌కి 5. మొత్తం 27. సాయంత్రం ఆకు తెగుళ్ళ పేపరుకి మొదటి బహుమతి వచ్చింది. ఇస్తున్నది నేనే కాబట్టి ఫొటోలో నేనూ ఉన్నాను.

రాత్రి రైలుకి ఇంకా టైముంది. ఆటో మాట్లాడుకుని ధవళేశ్వరం వెళ్ళాను. చిన్నప్పుడు స్కూలు వాళ్ళు తీసుకొచ్చారు, మళ్ళీ రాలేదు. మ్యూజియం అప్పటికే మూసేశారు. బ్యారేజీ మీద కాసేపు నిలబడ్డాను. నాలుగు ముక్కలుగా 175 గేట్లు. అంతకుముందు ఇక్కడున్నది 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ పూర్తిచేసిన ఆనకట్ట. అడుగున రాయి తగలని ఇసుకలో పునాది ఎలా నిలబెట్టాలో తాము కావేరి మీది కల్లణై కట్టిన పాతవాళ్ళ దగ్గరే నేర్చుకున్నామని కాటనే రాశాడు. ఇంజనీరింగ్ కాలేజీ నుంచి అరగంట దూరంలో ఇంత పెద్ద ఇంజనీరింగ్ ఉంటే, పొద్దుట్నుంచి మేం వేదిక మీద ఒక్కసారి కూడా దాని పేరెత్తలేదు. సిలికాన్ వ్యాలీ పేరు నేనే మూడుసార్లు ఎత్తాను.

వరదలొస్తే ఈ బ్యారేజీ దగ్గరి నీటిమట్టం రాష్ట్రమంతా వింటుంది. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. గంటగంటకీ టీవీలో వస్తుంది. అక్కడి నుంచి బయల్దేరిన నీళ్ళు కాలవలు, లాకులు దాటుకుంటూ ఏ శివారు బోదెలోనో రెండంగుళాలైనా చేరాయా లేదా అన్నది ఏ టీవీలోనూ రాదు.

ఈ మాట తట్టాక ఇంకోటి గుర్తొచ్చి సిగ్గేసింది. మాది అమలాపురం అవతల, కాలవ చివరి ఊరు. ఏడో తరగతిలోనో ఎనిమిదిలోనో, వంతు రోజు రాత్రి నాన్నతో టార్చిలైటు పట్టుకుని గట్టు మీద కాపలాకి వెళ్ళేవాణ్ణి. పైవాళ్ళు మధ్యలో మళ్ళించుకోకుండా చూడాలి. గోనెసంచి పరుచుకుని పడుకునేవాణ్ణి, నాన్న పార భుజాన వేసుకుని అటూ ఇటూ తిరిగేవాడు. ఒక్కోసారి తెల్లారిపోయేది, నీళ్ళు వచ్చేవి కావు. ఆ అమ్మాయి చెప్తున్నంతసేపూ ఇందులో ఒక్క ముక్క కూడా నాకు గుర్తు రాలేదు. ఏసీ గదిలో, చేతిలో మార్కుల షీటుతో, నేను ఫలితాల కాలమ్ చూసుకుంటున్నాను.

అక్కడి నుంచే నాన్నకి ఫోన్ చేశాను. నీళ్ళొచ్చాయని ఇప్పుడెలా తెలుస్తోంది అని అడిగాను.

"వదిలామని లస్కరు ఫోన్ చేస్తాడ్రా. వచ్చాయో లేదో బోదెలో కాలు పెడితే తెలుస్తుంది," అన్నాడు. కాసేపాగి, "నీకెందుకిప్పుడు? రైలెక్కావా?" అన్నాడు.

రైల్లో కన్వీనర్ గారికి మెయిల్ రాశాను. తొమ్మిదో పేపరుకి నేను వేసిన మార్కులు తప్పు, నాలుగోదానికి వేసినవీ తప్పు, వీలైతే మళ్ళీ చూడండి అని. రెండు రోజులకి జవాబొచ్చింది. సర్టిఫికెట్లు ఇచ్చేశామని, ఏమనుకోవద్దని, వచ్చే ఏడాది కూడా తప్పక రావాలని. చాలా మర్యాదగా రాశారు. ఆయన స్థానంలో నేనున్నా అంతే రాస్తాను. నా కోరిక మీద ఆ అమ్మాయిలకి నా మెయిల్ పంపారు. అందులో మార్కుల సంగతి దాచకుండా రాసి, వాళ్ళ డేటా చూడొచ్చా అని అడిగాను.

మార్కుల గురించి వాళ్ళు ఒక్క మాట కూడా అనలేదు. ఎక్సెల్ షీటు మాత్రం పంపారు. తేదీ, టైము, సెన్సరు చెప్పిన ఎత్తు. నాలుగో కాలమ్‌లో లస్కరు పెట్టిన మెసేజ్‌లు, ఉన్నవి ఉన్నట్టు. శనివారం పొద్దున ల్యాప్‌టాప్ తెరిచి పైనుంచి చదవడం మొదలుపెట్టాను. డెక్క. డెక్క. నీళ్ళు లేవు. డెక్క, తీయించాను. గేదెలు దిగాయి. నీళ్ళు లేవు. సాలెగూడు. నీళ్ళు లేవు. ఫిబ్రవరి 9, రాత్రి 2.40కి ఒకే మాట: వచ్చాయి.