అమ్మ దగ్గు చెప్పిన పాఠం

మాది అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. చిన్నప్పుడు మా ఇంట్లో రెండు ఎనుములు, పదిహేను గొర్రెలు ఉండేవి. కొట్టానికీ వంటింటికీ నడుమ ఒక్కటే గోడ. పిడకల పొయ్యి ఊదుతూ అమ్మ ఎప్పుడూ దగ్గేది. "చలిగాలి తగిలిందిలేరా" అనేది. ఎండాకాలంలోనూ ఆ దగ్గు పోలేదు. చివరి రోజుల్లో పదడుగులు వేస్తే ఆయాసం వచ్చేది.

గాలిని పాడుచేసేవి లారీలు, ఫ్యాక్టరీలే అనుకుంటాం. కాని పశువుల పేడ, మూత్రం నుంచి అమోనియా వాయువు లేస్తుంది. కోళ్ల ఫారం పక్కన నిలబడితే ముక్కు మండించే ఘాటు అదే. వాహనాల పొగ, బొగ్గు పొగ వల్ల గాలిలో ఏర్పడే ఆమ్లాలతో కలిసి అది సన్నని రేణువులుగా మారుతుంది. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండని ఆ రేణువులు ఊపిరితిత్తుల లోతుకు దిగుతాయి. ఆస్తమాకు, గుండెజబ్బుకు, పక్షవాతానికి దారి తీస్తాయి. పిడకల పొగలోనూ ఇవే రేణువులు!

అమెరికాలో ఆహారోత్పత్తి వల్ల కలిగే ఈ రేణు కాలుష్యంతో ఏటా సుమారు 16 వేల మంది చనిపోతున్నారనీ, అందులో 80 శాతం మాంసం, పాలు, గుడ్ల వంటి వాటి ఉత్పత్తి వల్లేననీ 2021లో అక్కడి శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు.

"అయితే మా ఎనుమును అమ్మేయాలా?" అని మీరడగవచ్చు. అక్కరలేదు. వాన ముఖం చాటేసిన ఏడు మా సీమలో ఇంటిని నిలబెట్టేది ఆ గొర్రెలే. మార్పు రావలసింది రోజూ మాంసం వండుకునే ఇళ్లలో. గింజలు పశువుకు మేపి ఆ మాంసం తినేకంటే, గింజలే మనం తింటే నేల, నీరు మిగులుతాయి, పేడా తగ్గుతుంది. అమ్మ పెట్టిన రాగి సంగటి, ఉలవచారు, కొర్రన్నం, అలసందల కూర, ఊరిబిండి ఏం తక్కువ? మాంసం పండక్కో జాతరకో ఉండేది.

పసిపిల్లలకు, గర్భిణులకు పాలు మానిపించకండి. పాలు, గుడ్లు, మాంసం పూర్తిగా మానేవారు బి12 విటమిన్ గురించి డాక్టరును అడగాలి. కొట్టం వంటింటికి దూరంగా ఉండాలి. పేడ రోజూ ఎత్తాలి. పిడకలకు బదులు గ్యాస్ వాడండి.

మా ఇంటికి గ్యాస్ పొయ్యి వచ్చేసరికే అమ్మకు ఆలస్యమైపోయింది. మీ ఇంట్లో ఎవరికైనా వారాల తరబడి దగ్గు తగ్గకపోతే, చలిగాలి అని సరిపెట్టుకోకండి. వెంటనే డాక్టరుకు చూపించండి.