కుక్కపిల్లకు మేకపాలు

“కుక్క కడుపున నేతికూడు ఇముడునా” యను సామెతను మనము తఱచుగా మనుష్యుల విషయముననే వాడుచుందుము. కాని యా మాట మొదట పుట్టినది వంటయింటి వాకిట కుక్కకు గిన్నె పెట్టిన యే యిల్లాలి యనుభవమునుండియో యని నాకు దోచును. కొవ్వు మిక్కిలిగా నున్న పదార్థము కుక్కకు నిజముగనే సరిపడదు. గేదెపాలు కడుపునిండ పోసినచో మఱునాడు వాకిలి కడుగుకొనవలసినదే. ఆవుపాలును కొన్నింటికి సరిపడవు. అయినచో మేకపాలు పోయవచ్చునా యని యిటీవల నన్ను పలువురు సోదరీమణు లడిగిరి. నేడు కుక్కల కొఱకే మేకపాలపొడిని డబ్బాలలో నమ్ముచున్నారు. చేతిఫోనులలో దిరిగెడి వార్తలలో నది సర్వరోగములకును మందని చెప్పుచున్నారు. అందు నిజమెంత, అతిశయోక్తి యెంత యని విచారించి, మా యింట జరిగిన దానిని గూడ జేర్చి వ్రాయుచున్నాను.

మావారు పల్నాటి సీమలో నొక గ్రామమున బడిపంతులు. మేమున్న యింటి పెరటిలో నొక మాఘమాసమున నొక వీధికుక్క మూడు పిల్లలను బెట్టినది. తొమ్మిదవనాడు తల్లి లారీ క్రింద బడి చచ్చిపోయెను. పిల్లలకింకను కన్నులు విడలేదు. కుక్కపిల్లలకు కన్నులు విడుటకు 10 నుండి 14 దినములు పట్టును. అంతవఱకు నవి తమ యొడలి వెచ్చదనమును తాము నిలుపుకొనలేవు. తల్లి నాకనిదే మలమూత్రములనైన విడువలేవు. నా చిన్నకుమార్తె యా మూడింటిని పాతచీరలో జుట్టి తెచ్చి నా యొడిలో బెట్టి, “అమ్మా, ఇవి కూడా చచ్చిపోతాయా?” యని యడిగినది. దానికి నేను బదులు చెప్పక పాలు వెదకుటకు బోయితిని.

మా వీధి చివర మేకలను మేపుకొనెడి యవ్వ యొకతె కలదు. నా చేతిలో గేదెపాలగిన్నెను జూచి యామె, “పంతులమ్మగారూ, ఆ పాలు పొయ్యమాకండి. ఇరిగిపోయి కడుపు ఉబ్బుద్ది. నా మేక ఈని నెలయింది, కాసిని పట్టకపోండి” అన్నది. డబ్బిచ్చిన బుచ్చుకొనలేదు. తన మనుమనికి మావారు సాయంకాలము లెక్కలు చెప్పిన చాలునన్నది. ఆ యొడంబడిక నేటికిని సాగుచున్నది.

అవ్వ మాటలో శాస్త్రమున్నది. మేకపాలలోని కొవ్వు కణములు ఆవుపాలలోని వానికంటె చిన్నవి. అందుచే ఆ పాలపై మీగడ సులభముగా దేఱదు. పాలలో కేసీను అను మాంసకృత్తు కలదు. అందొక రకము మేకపాలలో సాధారణముగా తక్కువ. కావున నవి కడుపులో విఱిగినప్పుడు గట్టి ముద్దగాక మెత్తని తునుకలుగా విఱుగును. అట్టివి త్వరగా జీర్ణమగును. మేకపాలు మల్లెపూవువలె తెల్లగా నుండుటకును కారణము కలదు. ఆవుపాలకు పసుపువన్నె నిచ్చు కెరోటీనును మేక తన యొడలిలోనే ‘ఎ’ విటమినుగా మార్చి పాలలో నుంచును. వాగ్భటుడు అష్టాంగహృదయమున మేకపాలు తేలికయైనవనియు, మేక నీరు తక్కువగ త్రాగి, చేదును కారమునైన యాకులను దిని, యెడతెగక తిరుగుచుండుటయే యందులకు కారణమనియు చెప్పెను. మా తండ్రిగారు నాకా భాగమును పాఠము చెప్పినప్పుడు, ఒకనాడు కుక్కపిల్లల నిమిత్తమై దానిని జ్ఞప్తికి దెచ్చుకొందునని నేననుకొనలేదు.

అయినను మేకపాలలో పాలచక్కెర లేదని చెప్పుట శుద్ధాబద్ధము. నూటికి ఆవుపాలలో నది సుమారు 4.8 పాళ్లుండగా మేకపాలలో సుమారు 4.5 పాళ్లుండును. భేదము కొంచెమే. పాలచక్కెరను జీర్ణముచేయు లాక్టేసు అను పదార్థము కుక్కపిల్ల ప్రేగులలో సమృద్ధిగా నుండి, పాలు మఱచిన పిమ్మట తగ్గిపోవును. కొన్ని కుక్కలలో నిది యెక్కువగను, కొన్నింటిలో తక్కువగను తగ్గును. ఆవుపాలు పడని కుక్కకు మేకపాలు పడవచ్చును, పడకపోవచ్చును. రెండు చెంచాలు పోసి రెండుదినములు చూచుటకంటె వేఱు పరీక్ష లేదు.

మఱునాడు మండలములోని పశువుల ఆసుపత్రికి మూడు పిల్లలను గంపలో బెట్టుకొని పోతిమి. అక్కడి వైద్యుడు చెప్పిన మాట నాకు మిక్కిలి యుపకరించినది. తల్లికుక్క పాలు మేకపాలకంటె రెండింతలు చిక్కనివట. నూటికి మాంసకృత్తులు 7, 8 పాళ్లు, కొవ్వు సుమారు 9 పాళ్లు, పాలచక్కెర మాత్రము 3, 4 పాళ్లే. మేకపాలలోనో మాంసకృత్తులు సుమారు 3.5 పాళ్లు, కొవ్వు 4 పాళ్లు. ఒట్టి మేకపాలు పట్టినచో పిల్ల కడుపు నిండును గాని యొడలు పెరుగదు. సున్నపు ధాతువును చాలదు. తల్లిపాలకు బదులుగా కుక్కపిల్లలకే తయారుచేసిన పొడిపాలు కలవనియు, అవి దొరకువఱకు ఒకటి రెండు దినములు మాత్రము గ్లాసెడు మేకపాలలో నొక కోడిగ్రుడ్డు పచ్చసొనను గిలకొట్టి వడగట్టి పట్టవచ్చుననియు నాయన చెప్పెను.

మా యింట గ్రుడ్డు వంటయింటికి రాదు. మా యత్తగారు, “కుక్కపిల్లకోసం ఇంట్లోకి గుడ్డు తెస్తావుటే!” యని యొక గడియ మౌనము వహించి, పిదప తామే పెరటిలో పాత యిత్తడిచెంబు నొకదానిని, విఱిగిన చెంచాను పెట్టి, “అవి లోపలికి తేకు” అనిరి. అంతకంటె పెద్ద యనుమతిని నేను కోరలేదు. పొరుగింటి వదినెగారు పచ్చసొన వేఱుచేసి యిచ్చెను. మూడవనాటికి మావారు నరసరావుపేటనుండి పొడి డబ్బాను దెచ్చిరి.

పాలకంటె ముందు వెచ్చదన మవసరమని చాలమంది యెఱుగరు. చల్లబడిన పిల్లకు పాలు పట్టినచో నవి జీర్ణముగాక లోపలనే పులిసి ప్రాణము దీయును. మొదటి వారమున పిల్లలున్న చోటు 29 నుండి 32 డిగ్రీల వెచ్చదనముతో నుండవలయును. మేము వేడినీటి సీసాలను గుడ్డలలో జుట్టి గంపలో నొకవైపుననే యుంచితిమి. వేడి యెక్కువైనచో పిల్లలు రెండవవైపునకు జరుగవచ్చును. పాలను మన ముంజేతిపై చుక్కవేసికొని గోరువెచ్చగా నున్నప్పుడే పట్టవలెను. పసిబిడ్డను ఒడిలో వెల్లకిల పండబెట్టి పాలు పట్టుట మనకలవాటు. కుక్కపిల్లను మాత్రము ఎన్నడును అట్లు పట్టరాదు. తల్లియొద్ద నున్నట్లే బోరగిల నుంచి, తల కొంచెమెత్తి, చిన్న పాలసీసాతో దానంతట నది పీల్చునట్లు పట్టవలెను. బలవంతముగా పోసిన పాలు ఊపిరితిత్తులలోనికి బోయి చంపును. మూడేసి గంటలకొకసారి, రాత్రియు పగలును, ఇట్లు పట్టి, పిమ్మట వెచ్చని నీటిలో ముంచిన దూదితో క్రిందిభాగమును మెల్లగా తుడిచిన మూత్రము విడుచును. తల్లి నాలుక చేసెడి పనియే యిది. అర్ధరాత్రి వంతు మా పెద్దకుమార్తెదిగా నుండెను. పరీక్షల కాలమని నేను వలదన్నను ఆమె విడువలేదు.

మూడింటిలో మిక్కిలి సన్ననిది నాలుగవ రాత్రి పోయినది. తక్కిన రెండు బ్రతికినవి. ఒకటి బడి కావలివాని యింటికి బోయినది. రెండవది, మోతి, మా యరుగుమీదనే యున్నది. నాల్గవ వారమున మెత్తగా నుడికిన యన్నమును, పప్పుకట్టును, పొడిపాలను కలిపి నాకించి, నెమ్మదిగా కుక్కపిల్లల మేతకు మార్చితిమి.

ఇక పెరిగిన కుక్క సంగతి. దానికి పాలు ఆహారము గావు, చిరుతిండి మాత్రమే. చిరుతిండ్లన్నియు గలిసి దినభోజనములో పదియవపాలు మించరాదని వైద్యులందురు. 10 కిలోల కుక్కకు లెక్కవేసిన నది సుమారు 100 మిల్లీలీటరుల మేకపాలకు సరి, అనగా చిన్న కాఫీగ్లాసెడు. ఎండాకాలమున నీరు సరిగా త్రాగని కుక్క, గిన్నెనీటిలో నాలుగు చెంచాల మేకపాలు కలిపినచో నాసక్తితో త్రాగును. పండ్లు పోయిన ముసలికుక్కకు ఎండుమేతను మేకపాలలో నానవేసి పెట్టవచ్చును. రుచిపుట్టని జబ్బుకుక్కకు వాసనయే యొక యాకర్షణ. మేకకు లాటినుభాషలోని పేరుమీదుగనే కాప్రిక్, కాప్రిలిక్ అను పేర్లు పొందిన యామ్లము లా పాలలో నుండి, మనకు ముక్కు మూసికొననిపించెడి యా వాసన నిచ్చును, కుక్కకది పరిమళము. చక్కెర కలుపరాదు. స్థూలకాయముగల కుక్కకును, క్లోమవ్యాధి సోకిన కుక్కకును ఏ పాలును వలదు.

ఇంతవఱకు మేకపాలు మంచివే. అవి మందని నమ్ముటవలననే ప్రమాదము. మా యూరిలోనే యొక యింట మూడునెలల కుక్కపిల్లకు వాంతులు పట్టి, దుర్గంధముతో రక్తవిరేచనము లాయెను. వేడిచేసినదని యెవరో చెప్పగా నా యింటివారు రెండుదినములు మేకపాలే పోసిరి. మూడవనాడు ఆసుపత్రికి దీసికొనిపోవునప్పటికి దాని యొడలిలో నీరు లేదు. సాయంకాలమునకు బోయినది. అది పార్వో యను వైరసు వ్యాధి. 1978 ప్రాంతమున లోకమునకు దెలిసిన యీ వ్యాధి నేడు టీకా వేయని పిల్లలను ప్రతియూరను దినుచున్నది. దానికి గావలసినది సెలైను, వైద్యుని చూపు. అదియు మొదటి దినముననే. వాంతియగుచున్న పిల్లకు పాలు, మేకవైనను మఱి యేవైనను, పట్టరాదు. ఆఱు, ఎనిమిది వారముల నడుమ టీకా మొదలుపెట్టి, పదునాఱు వారములు నిండువఱకు వైద్యుడు చెప్పిన గడువులలో మరల మరల వేయించవలెను. తల్లి మొదటిదినమున నిచ్చెడి జున్నుపాలలోని రక్షణను ఏ మేకయు కుక్కపిల్ల కీయజాలదు.

పచ్చిపాలే బలమని చెప్పువారును గలరు. వారికి మాల్టాద్వీపపు కథ చెప్పవలెను. అచ్చటి యాంగ్లసైనికులు నెలల తరబడి విడువని జ్వరముతో బాధపడుచుండగా, 1887లో డేవిడ్ బ్రూస్ అను వైద్యుడా రోగజీవిని కనుగొనెను. అది మేకపాలద్వారా వచ్చుచున్నదని 1905లో ఆ ద్వీపవాసియైన జమిత్ తేల్చెను. మఱుసటి యేడు సైనికులకు మేకపాలు మాన్పగా జ్వరము వేగముగ దగ్గిపోయెను. ఆ బ్రూసెల్లా వ్యాధి మన మేకలలోను గలదు. మేకలు నెలలు నిండకయే యీసుకుపోవుట దాని గుఱుతు. అది కుక్కకును సోకును, మనకును సోకును. మనము బిడ్డలకెట్లు కాచిపోయుదుమో కుక్కకు నట్లే పాలు పొంగువఱకు కాచి చల్లార్చి పోయవలెను. ఈసుకుపోయిన మేక పాలను అసలే ముట్టరాదు.

మా మోతికి పాలు పోయుచుండగా జూచి యొకామె, “గాంధీగారు తాగిన పాలమ్మా అవి, కుక్కకా!” యని నవ్వినది. 1919 ప్రాంతమున వ్యాధిపీడితులైన గాంధీగారు కస్తూరిబాగారి మాటమీద మేకపాలు పుచ్చుకొనుట యందఱెఱిగినదే. నవ్వినను ఆమె యడిగినది తీసివేయదగిన ప్రశ్నగాదు. పసిపిల్లలకు పాలులేని యిండ్లు మా వీధిలో నున్నవి. మేక రోజుకు విస్తారముగా పిదుకునది కాదు. దాని పిల్ల వంతు దానికి విడువవలెను. అందుచే ముందు మేకపిల్ల, పిదప అవ్వ మనుమడు, మిగిలినప్పుడే మోతి, అని మేమొక వరుస పెట్టుకొంటిమి. మిగులని దినమున మోతికి లేదు. దానివలన దానికి వచ్చిన లోపమును లేదు. కాని తల్లిలేని పిల్లలు మూడు ప్రాణములతో కొట్టుకొనుచున్న యా నాలుగు దినములలో మాత్రము నేనా వరుసను లెక్కింపలేదు, అవ్వయు లెక్కింపలేదు. ఆదిపర్వమున సరమ తన కొడుకును నిష్కారణముగ కొట్టిరేమని జనమేజయునే నిలదీసినది. మా పెరటి తల్లికి అడుగుటకు నోరు లేకపోయెను.

ఈ సందర్భమున మఱియొక మాట. కుక్కపిల్ల బ్రతికినదిగదా, తేలికయైన పాలుగదా యని నెలలబిడ్డలకు మేకపాలు పట్టెడి తల్లులను నేనెఱుగుదును. మేకపాలలో ఫోలేటు అను విటమిను మిక్కిలి తక్కువ. దానిమీదనే పెరిగిన శిశువులకు రక్తము చాలని జబ్బు వచ్చును. ఏడాది నిండని బిడ్డకు తల్లిపాలకు మాఱుగా ఏ పశువు పాలును ఉన్నవున్నట్లు పట్టవలదు. తల్లిపాలు లేనిచోట వైద్యుని యడిగి, బిడ్డలకై తయారుచేసిన పాలే పట్టవలెను.

పండుగ దినములలో మేకపాలతో గాచిన పాయసము మిగిలినను మోతి గిన్నెలో పోయకుడని పిల్లలకు జెప్పియుంచితిని. చక్కెర సంగతి యటుంచి, అందలి యెండుద్రాక్ష కుక్కల మూత్రపిండములను పాడుచేయును. కొన్ని పండ్లే చాలును. పాయసము వండు దినమున మోతిని పెరటిలో గట్టివేయుట మా చిన్నకుమార్తె పని.